వెల్ఫ్, హోహెన్‌స్టాఫెన్ పోరు: కిరీటం కోసం రెండు వంశాల కొట్లాట, ఆస్తి మాత్రం మూడోవాళ్లకు

1198 వేసవి గడిచేసరికి జర్మనీకి ఇద్దరు రాజులు తేలారు. జులై 12న ఆకెన్ నగరంలో ఒట్టోకు పట్టాభిషేకం జరిగింది. సెప్టెంబరు 8న మైంజ్ నగరంలో ఫిలిప్‌కు జరిగింది. ఆనవాయితీ ప్రకారం జర్మన్ రాజు, పూర్వపు చక్రవర్తి షార్లమేన్ సమాధి ఉన్న ఆకెన్‌లో, కొలోన్ ఆర్చిబిషప్ చేతుల మీదుగా కిరీటం పెట్టించుకోవాలి. ఒట్టోకు ఊరు కుదిరింది, ఆర్చిబిషప్ కుదిరాడు, కానీ అసలు కిరీటం అతని దగ్గర లేదు. ఫిలిప్ దగ్గర తరతరాల రాజచిహ్నాలన్నీ ఉన్నాయి, కానీ అది ఆకెన్ కాదు, కిరీటం పెట్టింది కూడా జర్మన్ మతాధికారి కాదు, బర్గండీ వైపు టారెంటేజ్ నుంచి వచ్చిన ఆర్చిబిషప్. ఇద్దరిలో ఎవరు నిజమైన రాజు అన్న ప్రశ్నకు చట్టప్రకారం జవాబు చెప్పే కోర్టు గానీ, రాసిపెట్టిన నియమం గానీ ఆ రోజున లేదు. కత్తులే జవాబు వెతికాయి. అందుకు పదేళ్లు పట్టింది.

ఫిలిప్ హోహెన్‌స్టాఫెన్ వంశస్థుడు, ఫ్రెడరిక్ బార్బరోస్సా చక్రవర్తి కొడుకు. ఒట్టో వెల్ఫ్ వంశస్థుడు, అదే బార్బరోస్సా హయాంలో రెండు డచీలు (డ్యూక్ అనే పెద్ద ప్రభువు ఏలే ప్రాంతాలు) పోగొట్టుకున్న హెన్రీ ది లయన్ కొడుకు. అందుకే ఈ కథను చాలామంది వంశ పగగా చెప్తారు. పగ ఉన్న మాట నిజమే. కానీ వందేళ్ల చరిత్రను వరుసగా చూస్తే ఈ రెండు ఇళ్లు కొట్టుకున్నంత కాలమూ వియ్యమందుకుంటూనే ఉన్నాయి, రాజీ పడుతూనే ఉన్నాయి. పగ దానంతట అది ఆరిపోయే ప్రతిసారీ దాన్ని మళ్లీ రాజేసినది ఒకటుంది: రాజు పదవికి ఎన్నిక. ఎన్నిక అంటే ఓటు, ఓటు అంటే దానికో ధర. ఆ ధర ప్రతిసారీ రాజ్యం ఆస్తిలోంచే చెల్లింది.

పవిత్ర రోమన్ సామ్రాజ్యం అప్పట్లో జర్మనీ, ఉత్తర ఇటలీ, బర్గండీ కలిసిన కూటమి. జర్మన్ ప్రభువులు, బిషప్పులు ఎన్నుకున్నవాడు రాజవుతాడు. ఆ రాజు రోము వెళ్లి పోప్ చేతుల మీదుగా కిరీటం పెట్టించుకుంటే చక్రవర్తి అవుతాడు. ఎవరెవరికి ఓటుంది, ఎన్ని ఓట్లు వస్తే గెలిచినట్టు అన్నది ఎక్కడా తేల్చలేదు. పక్కనున్న ఫ్రాన్సులోనూ మొదట్లో రాజును ఎన్నుకునేవారు. కానీ 987 నుంచి 1316 దాకా అక్కడ చనిపోయిన ప్రతి రాజుకూ కొడుకు ఉన్నాడు, తండ్రి బతికుండగానే కొడుక్కి కిరీటం పెట్టే అలవాటు కూడా చాలాకాలం నడిచింది. దాంతో ఎన్నిక మెల్లగా లాంఛనమైపోయింది. జర్మనీకి ఆ అదృష్టం దక్కలేదు. 1002లో, 1024లో, 1125లో, 1137లో రాజులు కొడుకు లేకుండానే పోయారు. ప్రతిసారీ లెక్క మొదటికొచ్చింది.

1125: ఒక పెళ్లి, ఒక ఓటు

శాలియన్ వంశపు చివరి చక్రవర్తి అయిదో హెన్రీ 1125 మేలో చనిపోయాడు. వారసుడు లేడు. సొంత ఆస్తులు అక్క ఆగ్నెస్ కొడుకులకు వచ్చాయి. వాళ్లే హోహెన్‌స్టాఫెన్ సోదరులు ఫ్రెడరిక్, కాన్రాడ్. పెద్దవాడు ఫ్రెడరిక్ స్వాబియా డ్యూక్. ఆస్తి ఎలాగూ వచ్చింది, గద్దె కూడా తనదేనని అతను నమ్మాడు. రాచరికం మేనమామ నుంచి మేనల్లుడికి రావడం అతని దృష్టిలో సహజమైన విషయం.

ఆగస్టులో మైంజ్‌లో సభ జరిగింది. సభ నడిపిన మైంజ్ ఆర్చిబిషప్ ఆడల్బర్ట్‌కు చచ్చిపోయిన చక్రవర్తి మీద పాత కక్ష ఉంది. ఒకప్పుడు అతను ఆ చక్రవర్తి జైల్లో మగ్గాడు. రాజచిహ్నాలను చక్రవర్తి భార్య దగ్గర్నుంచి ముందే తన చేతిలోకి తెచ్చుకున్నాడు. శాక్సనీ, ఫ్రాంకోనియా, బవేరియా, స్వాబియా ప్రాంతాల నుంచి పదేసి మందిని తీసి నలభై మందితో ఒక సంఘం వేశారు. ముగ్గురు అభ్యర్థులు తేలారు. ఫ్రెడరిక్ ఒకడు. మిగతా ఇద్దరూ, అంటే శాక్సనీ డ్యూక్ లోథార్, ఆస్ట్రియా పాలకుడు లియోపోల్డ్, మాకీ భారం వద్దని మోకరిల్లి బతిమాలుకున్నారు. వేరెవరు ఎన్నికైనా వాళ్లకు విధేయుడిగా ఉంటావా అని ఆడల్బర్ట్ అడిగితే ఫ్రెడరిక్ సూటిగా జవాబివ్వలేదు. తనవాళ్లను అడిగి చెప్తానని సభలోంచి వెళ్లిపోయాడు. ఆ ఒక్క పనితో అతని నోటికాడి కూడు పోయింది. ఎన్నుకునే హక్కును ఒప్పుకోనివాణ్ని ఎన్నుకోవడం దేనికని ప్రభువులు అనుకున్నారు.

అయినా ఫ్రెడరిక్‌కు ఒక బలమైన ధీమా ఉంది. బవేరియా డ్యూక్ హెన్రీ ది బ్లాక్ అతనికి పిల్లనిచ్చిన మామ. వెల్ఫ్ వంశానికి పెద్ద. అల్లుడికి ఓటేయడా? వేయలేదు. లోథార్ పక్షం వహించాడు, లోథారే రాజయ్యాడు. లోథార్‌కు కొడుకుల్లేరు, ఉన్నది ఒక్కగానొక్క కూతురు గెర్ట్రూడ్. 1127లో ఆ పిల్ల పెళ్లి హెన్రీ ది బ్లాక్ కొడుకు హెన్రీ ది ప్రౌడ్‌తో జరిగింది. అల్లుడు రాజయ్యేదానికంటే కొడుకు రాజుకు అల్లుడవడం మేలనుకున్నాడు పెద్దాయన. ఈ పెళ్లి సంబంధం ఓటుకు ధరగా కుదిరిందని చరిత్రకారులు భావిస్తారు. వందేళ్ల వైరానికి పునాది ఇక్కడే పడింది.

ఓడిన ఫ్రెడరిక్‌తో లోథార్‌కు వెంటనే ఆస్తి గొడవ వచ్చింది. నూరేళ్లు ఏలిన శాలియన్ రాజుల సొంత భూమికీ రాజ్యం భూమికీ మధ్య హద్దు చెరిగిపోయింది. ఒక కోట మేనమామ సొంతమైతే ఫ్రెడరిక్‌ది, రాజ్యానిదైతే లోథార్‌ది. యుద్ధమై, తమ్ముడు కాన్రాడ్ పోటీ రాజుగా ప్రకటించుకుని, చివరికి 1135లో అన్నదమ్ములు లొంగిపోయారు.

1137 డిసెంబరులో లోథార్ పోయేనాటికి అల్లుడు హెన్రీ ది ప్రౌడ్ చేతిలో బవేరియా, శాక్సనీ రెండూ ఉన్నాయి. ఇటలీలో విశాలమైన భూములున్నాయి. రాజచిహ్నాలు కూడా అతని దగ్గరే ఉన్నాయి. లెక్కప్రకారం అతనే రాజు కావాలి. సరిగ్గా అందుకే కాలేదు. అంత బలవంతుడు రాజైతే తమకు విలువేముంటుందని మిగతా ప్రభువులకు భయం. 1138 మార్చిలో, అందరూ కలవాల్సిన రోజు రాకముందే, ట్రియర్ ఆర్చిబిషప్ ఆల్బెరో నాయకత్వంలో కొద్దిమంది కోబ్లెంజ్‌లో కూడి కాన్రాడ్‌ను ఎన్నుకున్నారు. వారం తిరక్కుండా ఆకెన్‌లో పట్టాభిషేకం అయిపోయింది. పదమూడేళ్ల కింద హోహెన్‌స్టాఫెన్‌కు జరిగిందే ఈసారి వెల్ఫ్‌కు జరిగింది. రెండుసార్లూ ఓడినవాడు పోటీలో అందరికంటే బలమైన వారసుడే. బలవంతుణ్ని తప్పించి, తమ మీద ఆధారపడేవాణ్ని ఎక్కించడం ప్రభువులకు అలవాటైంది.

హెన్రీ రాజచిహ్నాలు అప్పగించాడు. కానీ రెండు డచీల్లో ఒకటి వదులుకోమంటే ఒప్పుకోలేదు. కాన్రాడ్ రెండూ లాగేసి శాక్సనీని ఆల్బర్ట్ ది బేర్‌కు, బవేరియాను తన తల్లి రెండో పెళ్లి ద్వారా తమ్ముడైన మరో లియోపోల్డ్‌కు ఇచ్చాడు. 1139లో హెన్రీ హఠాత్తుగా చనిపోయాడు. మిగిలినది పదేళ్ల కొడుకు. అతనే తర్వాత హెన్రీ ది లయన్‌గా పేరు పొందాడు. ఆ పసివాడి తరఫున బాబాయి ఆరో వెల్ఫ్ పోరాటం సాగించాడు. 1140లో వైన్స్‌బెర్గ్ కోట లొంగినప్పుడు ఆడవాళ్లు మోయగలిగినంత తీసుకుపోవచ్చని రాజు అనుమతిస్తే, వాళ్లు మొగుళ్లను భుజాన వేసుకుని బయటికొచ్చారని కొలోన్‌లో రాసిన ఒక వృత్తాంతం చెప్తుంది. జర్మన్ పిల్లలు ఈ కథ ఇప్పటికీ చదువుకుంటారు. 1142లో శాక్సనీ తిరిగి పిల్లవాడికే దక్కింది.

మేనమామ కొడుకుతో పొత్తు

1152లో కాన్రాడ్ చనిపోయేటప్పుడు కొడుక్కి ఆరేళ్లు. ప్రభువులు అన్న కొడుకైన ఫ్రెడరిక్‌ను ఎన్నుకున్నారు. ఎర్ర గడ్డం వల్ల ఇటలీవాళ్లు బార్బరోస్సా అన్నది ఇతన్నే. తండ్రి హోహెన్‌స్టాఫెన్, తల్లి జూడిత్ వెల్ఫ్. అంటే హెన్రీ ది లయన్ ఇతనికి స్వయానా మేనమామ కొడుకు. ఎన్నికలో ఇదే పెద్ద అర్హత అయిందని చక్రవర్తికి బంధువూ బిషప్పూ అయిన ఒట్టో ఆఫ్ ఫ్రైజింగ్ రాశాడు: రెండు గోడలను కలిపే మూలరాయిలా ఇతను రెండు కుటుంబాలనూ కలుపుతాడని ఆయన ఆశ.

ఆ ఆశ ఇరవై ఏళ్లకు పైగా నిలిచింది. రెండు కుటుంబాల మధ్య పుట్టుకతోనే తీరని పగ ఉందనేవాళ్లు ఈ ఇరవై ఏళ్లను సరిగ్గా చూడరు. 1156లో బార్బరోస్సా బవేరియాను మేనమామ కొడుక్కి తిరిగి ఇప్పించాడు. అప్పటికి బవేరియా పట్టుకుని ఉన్నది మరో బంధువు, చిన్నాన్న వరసయ్యే హెన్రీ యాసోమిర్‌గాట్. అతణ్ని ఊరికే దింపితే కొత్త శత్రువు తయారవుతాడు. అందుకని బవేరియా నుంచి ఆస్ట్రియాను విడదీసి ప్రత్యేక డచీ చేసి అతనికిచ్చారు. కొడుకుల్లేకపోతే కూతుళ్లకైనా చెందేలా రాసిచ్చారు, రాజు కొలువుకు రావాల్సిన బాధ్యతను కూడా బాగా తగ్గించారు. గొడవ శాంతంగా ముగిసింది, నిజమే. కానీ ఆ శాంతి కోసం రాజు వదులుకున్న హక్కులు ఆస్ట్రియా నుంచి మళ్లీ వెనక్కి రాలేదు.

బదులుగా హెన్రీ ఇటలీ యుద్ధాల్లో చక్రవర్తి వెంట నడిచాడు. ఉత్తరాన మాత్రం అతను రాజులానే ఉండేవాడు. స్లావ్ జాతుల భూముల్లోకి రాజ్యాన్ని విస్తరించాడు. 1159లో లూబెక్‌ను మళ్లీ కట్టించాడు. తర్వాత బాల్టిక్ సముద్ర వాణిజ్యానికి అదే రాజధాని అయింది. 1158 నాటికి ఫ్రైజింగ్ బిషప్ చేతిలో ఉన్న ఉప్పు రవాణా వంతెనను పడగొట్టించి, దారిని తన గ్రామం మీదుగా తిప్పాడు. ఆ గ్రామం పేరు మ్యూనిక్. బ్రన్స్‌విక్‌లో తన కోట ముందు కంచు సింహాన్ని నిలబెట్టాడు. 1168లో ఇంగ్లండు రాజు రెండో హెన్రీ కూతురు మటిల్డాను పెళ్లాడాడు. ఇదంతా చూస్తున్న శాక్సనీ ప్రభువులు, బిషప్పులు అతని మీద ఫిర్యాదుల మీద ఫిర్యాదులు చేశారు. బార్బరోస్సా ప్రతిసారీ బంధువు పక్షమే వహించాడు.

1167లో రోము దగ్గర వ్యాపించిన రోగం చక్రవర్తి సైన్యాన్ని తుడిచిపెట్టింది. చనిపోయినవాళ్లలో ఆరో వెల్ఫ్ ఏకైక కొడుకు ఒకడు. వారసుడు పోయిన ఆరో వెల్ఫ్ తన దక్షిణాది ఆస్తిని అమ్మకానికి పెట్టాడు. ముందు అన్న కొడుకు హెన్రీకే ఇస్తానన్నాడు. ముసలాయన ఎలాగూ పోతాడు కదా అని హెన్రీ డబ్బు చెల్లించకుండా నాన్చాడు. విసిగిన వెల్ఫ్ మేనల్లుడైన బార్బరోస్సాకు అమ్మేశాడు. స్వాబియాలోని వెల్ఫ్ భూములు ఆ విధంగా హోహెన్‌స్టాఫెన్ ఇంటికి చేరాయి. కత్తి దూయకుండా, డబ్బిచ్చి కొన్న ఈ ఆస్తి ఏ యుద్ధం తేలేనంత పెద్ద లాభం.

1176 మొదట్లో ఆల్ప్స్ దిగువన కియావెన్నాలో ఇద్దరూ కలిశారు. ఉత్తర ఇటలీలోని లొంబార్డీ నగరాల కూటమితో యుద్ధానికి చక్రవర్తికి సైన్యం అత్యవసరం. తర్వాత రాసిన వృత్తాంతాల్లో కొన్ని, చక్రవర్తి అతని ముందు మోకాళ్ల మీద పడ్డాడని చెప్తాయి. హెన్రీ గోస్లార్ నగరం అడిగాడని, అంటే దాని పక్కనున్న వెండి గనులు అడిగాడని కూడా ఉంది. బార్బరోస్సా ఇవ్వలేదు, సైన్యం రాలేదు. మే 29న లెన్యానో దగ్గర చక్రవర్తి మిలాన్ సైన్యం చేతిలో ఓడిపోయాడు. మరుసటి ఏడాది వెనిస్‌లో పోప్ మూడో అలెగ్జాండర్‌తో రాజీ పడక తప్పలేదు.

తర్వాత జరిగినది మామూలుగా ప్రతీకారమని చెప్తారు. అది అంతకంటే పెద్ద విషయం. తిరిగొచ్చిన బార్బరోస్సా చేసిందల్లా ఇన్నాళ్లూ అడ్డుపెట్టిన చెయ్యి తీసేయడమే. హాల్బర్‌స్టాట్ బిషప్ ఉల్రిక్, కొలోన్ ఆర్చిబిషప్ ఫిలిప్ పాత ఫిర్యాదులతో ముందుకొచ్చారు. 1179లో హెన్రీకి పిలుపుల మీద పిలుపులు వెళ్లాయి. అతను రాలేదు. ముందు దేశాచారం ప్రకారం బహిష్కరణ పడింది. తర్వాత సామంత ధర్మం ప్రకారం, ప్రభువు పిలిచినా రాని ధిక్కారానికి 1180 జనవరిలో వుర్జ్‌బర్గ్ సభ అతని డచీలన్నీ రద్దు చేసింది. ఏప్రిల్ 13న గెల్న్‌హౌసెన్‌లో శాసనం రాశారు. శాక్సనీని రెండు ముక్కలు చేసి పడమటి ముక్కను, అంటే వెస్ట్‌ఫాలియాను, ఫిర్యాదు చేసిన కొలోన్ ఆర్చిబిషప్‌కే ఇచ్చారు. తూర్పు ముక్క ఆల్బర్ట్ ది బేర్ కొడుకు బెర్న్‌హార్డ్‌కు వెళ్లింది. సెప్టెంబరులో బవేరియా ఒట్టో ఆఫ్ విటెల్స్‌బాక్‌కు దక్కింది, స్టిరియాను విడదీసి మరో డచీ చేశారు. హెన్రీ 1181 నవంబరులో ఎర్‌ఫర్ట్‌లో చక్రవర్తి కాళ్ల మీద పడ్డాడు. బ్రన్స్‌విక్ చుట్టుపక్కల సొంత భూములు మిగిలాయి. మరుసటి ఏడాది మామగారి రాజ్యానికి ప్రవాసం వెళ్లాడు.

ఇక్కడ ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. ఇరవై రెండేళ్ల తర్వాత ఫ్రాన్సులోనూ అచ్చం ఇలాంటి కేసే నడిచింది. ఇంగ్లండు రాజు జాన్ తన ఫ్రెంచి భూములకు ఫ్రాన్సు రాజు సామంతుడు. పిలిస్తే కోర్టుకు రాలేదు. 1202లో ఆ భూములు రద్దయ్యాయి. ఫిలిప్ అగస్టస్ 1204కల్లా నార్మండీని తన రాజ్యంలోనే కలిపేసుకున్నాడు. ఫ్రెంచి రాజరికం బలం అక్కడినుంచి పెరిగింది. బార్బరోస్సా కూడా అదే చట్టంతో అంతకంటే పెద్ద సామంతుణ్ని పడగొట్టాడు. ఒక్క డచీ కూడా తన దగ్గర పెట్టుకోలేకపోయాడు. ఫిర్యాదు చేసినవాళ్లు, తీర్పు చెప్పినవాళ్లు, ఆస్తి పంచుకున్నవాళ్లు ఒకటే కావడం దీనికి కారణం. వాళ్ల సాయం లేకుండా హెన్రీని దింపే బలం రాజుకు లేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టుగా మేనమామ కొడుకూ మేనత్త కొడుకూ చేసిన తగాదాను ప్రభువులు తీర్చారు. విటెల్స్‌బాక్ వంశం ఆ రోజు పొందిన బవేరియాను 1918 దాకా ఏలింది.

రాజు అడిగినది, రాజుకు దొరకనిది

బార్బరోస్సా కొడుకు ఆరో హెన్రీ భార్య కాన్‌స్టన్స్ ద్వారా సిసిలీ రాజ్యానికి హక్కు పొందాడు. ఆ హక్కును గెలుచుకోవడానికి డబ్బు అనుకోకుండా చేతికొచ్చింది. క్రూసేడ్ నుంచి తిరిగొస్తూ ఇంగ్లండు రాజు రిచర్డ్ 1192 డిసెంబరులో వియన్నా దగ్గర పట్టుబడ్డాడు. విడుదలకు లక్షా యాభై వేల మార్కుల వెండి ధరగా నిర్ణయించారు. 1194 క్రిస్మస్ నాడు హెన్రీ పలెర్మోలో సిసిలీ రాజయ్యాడు. మర్నాడే ఇటలీలోని యేసి పట్టణంలో కొడుకు ఫ్రెడరిక్ పుట్టాడు.

ఇదే రోజుల్లో రైన్ నది ఒడ్డున స్టాలెక్ కోటలో ఒక రహస్య పెళ్లి జరిగింది. చక్రవర్తికి చిన్నాన్న, రైన్ పాలటైన్ కౌంటు (రైన్ తీరంలోని పాలటైన్ ప్రాంతాన్ని ఏలే పెద్ద ప్రభువు) అయిన కాన్రాడ్‌కు ఆగ్నెస్ ఒక్కతే వారసురాలు. ఆమెను ఫ్రాన్సు రాజుకిస్తే బాగుంటుందని చక్రవర్తి ఆలోచన. ఆమెకు ఒకప్పుడు వెల్ఫ్ ఇంటి కుర్రవాడితో, హెన్రీ ది లయన్ పెద్ద కొడుకుతో, మాట నడిచింది. తండ్రి ఊళ్లో లేని సమయం చూసి తల్లి ఇర్మెన్‌గార్డ్ ఆ కుర్రవాడికి కబురు పెట్టి పెళ్లి జరిపించేసింది. చక్రవర్తి ముందు మండిపడ్డాడు. తర్వాత చల్లబడి, దాన్నే అవకాశంగా తీసుకుని ముసలి హెన్రీ ది లయన్‌తో రాజీ చేసుకున్నాడు. ముసలాయన 1195లో బ్రన్స్‌విక్‌లో శాంతంగానే కన్నుమూశాడు. ఆ క్షణాన రెండు వంశాల మధ్య యుద్ధానికి ఏ కారణమూ మిగల్లేదు.

1196లో ఆరో హెన్రీ ప్రభువుల ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు. జర్మన్ కిరీటం ఇకమీదట ఎన్నిక లేకుండా తండ్రి నుంచి కొడుక్కి రావాలి. దానికి ప్రతిఫలంగా ప్రభువుల భూములు వాళ్ల కూతుళ్ల ద్వారా కూడా వారసత్వంగా పోవడానికి ఒప్పుకుంటాడు. బిషప్ చనిపోతే అతని సొంత చరాస్తి రాజుకు పోయే పద్ధతి ఎత్తేస్తాడు. ఆ శతాబ్దంలో జర్మన్ రాజు చేసిన అతి తెలివైన ఆలోచన ఇదే. ఓటును ఒక్కసారే, మొత్తంగా, శాశ్వతంగా కొనేయడం. మొదట కొందరు ఊగారు. కొలోన్ ఆర్చిబిషప్ ఆడోల్ఫ్ గట్టిగా అడ్డుపడ్డాడు. రాజుకు కిరీటం పెట్టే హక్కు ఉన్నవాడికి ఎన్నిక పోతే మిగిలేది ఉత్త లాంఛనమే. చివరికి ప్రభువులు రెండేళ్ల పిల్లవాడు ఫ్రెడరిక్‌ను ఎప్పటిలాగే ఎన్నుకున్నారు. చక్రవర్తి కోరిన వారసుణ్ని ఇచ్చారు, వారసత్వాన్ని మాత్రం ఇవ్వలేదు.

ఏడాది తిరిగేసరికి, 1197 సెప్టెంబరు 28న, ఆరో హెన్రీ మెస్సీనాలో 31 ఏళ్లకే చనిపోయాడు.

రెండు కిరీటాల పదేళ్లు

తమ్ముడు ఫిలిప్ అన్న కొడుకును జర్మనీకి తేవడానికి ఇటలీలో ప్రయాణంలో ఉన్నాడు. వార్త తెలిసేసరికి దారంతా తిరుగుబాటు. వెనక్కి మళ్లాడు. మూడేళ్ల పిల్లవాడి పేరుతో రాజ్యం నిలబడదని మద్దతుదారులు అంటే, 1198 మార్చిలో తనే రాజుగా ఎన్నికయ్యాడు. ఎదుటి పక్షానికి నాయకుడు కొలోన్ ఆర్చిబిషప్ ఆడోల్ఫ్. అతనికి కావలసింది హోహెన్‌స్టాఫెన్ కానివాడు ఎవరైనా. కొలోన్ వర్తకులకు ఇంగ్లండుతో వ్యాపారం. ఇంగ్లండు రాజు రిచర్డ్‌కు తనను బంధించిన వంశం మీద కోపం, చేతిలో డబ్బు, తన దగ్గరే పెరిగిన మేనల్లుడు. ఆ మేనల్లుడే ఒట్టో. ఈ లెక్కలన్నీ కలిస్తే వెల్ఫ్ అభ్యర్థి తయారయ్యాడు. తండ్రి పగ తీర్చుకోవడానికి ఒట్టో జర్మనీ వచ్చాడనడం కంటే, ఆడోల్ఫ్‌కు అభ్యర్థి కావాల్సివచ్చి ఒట్టోను పిలిపించాడనడం సత్యానికి దగ్గర.

పోప్ మూడో ఇన్నసెంట్‌కు భయం వేరే ఉంది. సిసిలీ, జర్మనీ ఒకే చేతిలో ఉంటే పోప్ భూములు మధ్యలో చిక్కుకుంటాయి. మధ్య ఇటలీలో తన భూములకు అడ్డురానని ఒట్టో మాటిచ్చాక 1201లో అతణ్ని రాజుగా గుర్తించాడు. రాజును ఎన్నుకునేది ప్రభువులే గానీ, చక్రవర్తి కాబోయేవాడి అర్హతను పరీక్షించే హక్కు తనదని 1202లో స్పష్టంగా రాశాడు. ఇంటి తగాదాలోకి బయటి పెద్దమనిషి ఇలా అధికారికంగా ప్రవేశించాడు.

డబ్బు అయిపోతుంటే ఒట్టో పక్షం కరిగింది. 1204లో ఆడోల్ఫే ఫిలిప్ వైపు దూకాడు. 1205 జనవరిలో ఫిలిప్‌కు ఆకెన్‌లో రెండోసారి పట్టాభిషేకం చేశాడు. ఈసారి ఊరు, ఆర్చిబిషప్, కిరీటం మూడూ సరైనవే. పోప్ కూడా రాజీకి సిద్ధమయ్యాడు. అంతా చక్కబడుతున్న సమయాన, 1208 జూన్ 21న, బాంబెర్గ్‌లో బంధువుల ఇంటి పెళ్లి రోజున బిషప్ భవనంలో విశ్రాంతి తీసుకుంటున్న ఫిలిప్‌ను ఒట్టో ఆఫ్ విటెల్స్‌బాక్ కత్తితో నరికి చంపాడు. ఇతను బవేరియా డ్యూక్ దాయాది, వేరే ఒట్టో. ఫిలిప్ కూతురితో ఇతనికి కుదిరిన పెళ్లి రద్దయిందన్న కక్ష అతనిది. రెండు వంశాల పోరు మధ్యలో రాజు చచ్చింది వెల్ఫ్ చేతిలో కాదు, తెగిపోయిన ఒక పెళ్లి సంబంధం వల్ల.

రాజు చనిపోగానే ఫిలిప్ పక్షంవాళ్లు గబగబా ఒట్టోను ఒప్పేసుకున్నారు. ఒట్టో చచ్చినవాడి కూతురు బియాట్రిస్‌తో పెళ్లికి అంగీకరించి, హంతకుడికి బహిష్కరణ విధించి, 1209 అక్టోబరులో రోములో చక్రవర్తి అయ్యాడు. వెల్ఫ్ వంశంలో చక్రవర్తి అయింది అతనొక్కడే. ఆ పదవిలో కూర్చోగానే హోహెన్‌స్టాఫెన్‌లు ఏం చేశారో అదే మొదలుపెట్టాడు: సిసిలీ మీదికి దండు కదిలించాడు. 1210లో పోప్ వెలివేశాడు. సింహాసనం మీద ఎవరున్నా వాళ్ల దారి ఒకటే అయినప్పుడు దాన్ని వంశ స్వభావంగా చూడటం కష్టం. ఇటలీ ఆదాయం లేకుండా చక్రవర్తికి రోజు గడవదు. ఆదాయం కోసం దక్షిణానికి వెళ్తే పోప్ ఊరుకోడు.

పోప్ ఈసారి తనే పెంచిన సిసిలీ బాలుణ్ని, పదిహేడేళ్ల ఫ్రెడరిక్‌ను, ముందుకు తెచ్చాడు. 1212 సెప్టెంబరులో ఆల్ప్స్ దాటి కొద్దిమంది రౌతులతో అతను కాన్‌స్టన్స్ అనే నగరం ద్వారం దగ్గరికొచ్చాడు. ఒట్టో ఆ ఊరి పక్క సరస్సుకు అవతలి ఒడ్డున ఊబర్లింగెన్‌లో ఉన్నాడు. చక్రవర్తి వంటవాళ్లు అప్పటికే ఊళ్లోకొచ్చి భోజనాలు సిద్ధం చేస్తున్నారని ఒక వృత్తాంతం చెప్తుంది. వెంట వచ్చిన పోప్ ప్రతినిధి ఒట్టో వెలి ఆజ్ఞ చదివి వినిపించాక బిషప్ ద్వారం తెరిపించాడు. కొన్ని గంటలు ఆలస్యమైతే ఆ ద్వారం ఒట్టోకు తెరుచుకునేది. నవంబరులో ఫ్రాన్సు రాజు ఇరవై వేల మార్కులు పంపాడు. వాటిని ఎక్కడ దాచమంటారని అడిగితే ప్రభువులకు పంచిపెట్టమని ఫ్రెడరిక్ చెప్పాడట. ఆ కుర్రవాడికి జర్మన్ రాజకీయం అంత త్వరగా అర్థమైంది.

1214 జులై 27న బూవీన్‌లో ఇంగ్లండు పొత్తుతో పోరాడిన ఒట్టో ఫ్రాన్సు సైన్యం చేతిలో ఓడిపోయాడు. యుద్ధభూమిలో చిక్కిన అతని బంగారు గద్ద ధ్వజాన్ని ఫిలిప్ అగస్టస్ ఫ్రెడరిక్‌కు పంపించాడు. జర్మన్ రాజు ఎవరన్నది ఫ్రాన్సు నేల మీద తేలింది. ఒట్టో 1218లో హార్జ్‌బర్గ్ కోటలో చనిపోయాడు. మరుసటి ఏడాది అతని అన్న రాజచిహ్నాలు ఫ్రెడరిక్‌కు అప్పగించాడు.

గెలిచినవాడికి మిగిలినదేమిటి? 1220లో తన కొడుకు హెన్రీని రాజుగా ఎన్నుకున్నందుకు రెండో ఫ్రెడరిక్ బిషప్పులకు నాణేలు, సుంకాలు, కోటల మీద రాజు హక్కులను రాసిచ్చాడు. 1232లో మిగతా ప్రభువులకూ అలాంటి హక్కులే ఖాయం చేశాడు. అతని మనసంతా సిసిలీ మీద ఉంది. అక్కడ అధికారులు, చట్టం, పన్నులు ఒక్క చేతిలో ఉండే రాజ్యం కట్టాడు. జర్మనీలో అది ఎందుకు కట్టలేకపోయాడని అడిగేవాళ్లు 1125 నుంచి వచ్చిన లెక్క చూడాలి. ఇవ్వడానికి తప్ప తీసుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

వెల్ఫ్‌లతో వైరం 1235 ఆగస్టులో మైంజ్ సభలో ముగిసింది. హెన్రీ ది లయన్ మనవడు, మరో ఒట్టో, తన సొంత భూములను చక్రవర్తికి సమర్పించాడు. చక్రవర్తి వాటికి బ్రన్స్‌విక్ కలిపి, కొత్త డచీగా చేసి తిరిగి అతనికే ఇచ్చాడు, కూతుళ్లకు కూడా చెందేలా. గోస్లార్ గనుల్లో రాజ్యానికి వచ్చే పదో వంతు కూడా జతచేశాడు. కియావెన్నాలో తాత అడిగిన గోస్లార్‌లో వాటా మనవడికి ఇలా చేరింది. ఆ బ్రన్స్‌విక్-లూనెబర్గ్ వంశమే 1714లో ఇంగ్లండు గద్దెక్కింది. 1766లో నిజాం నుంచి ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి వచ్చినప్పుడు లండన్‌లో ఏలుతున్న మూడో జార్జి హెన్రీ ది లయన్ వారసుడే.

హోహెన్‌స్టాఫెన్‌ల కథ అలా సాగలేదు. రెండో ఫ్రెడరిక్ 1250లో పోయాడు. అతని మనవడు, పదహారేళ్ల కాన్రాడిన్, తాత రాజ్యం కోసం ఇటలీ వెళ్లి ఓడి, 1268 అక్టోబరు 29న నేపుల్స్ బజారులో తల నరికించుకున్నాడు. ఆ వంశంలో చట్టబద్ధమైన మగ వారసత్వం అంతటితో తెగింది. ఇటలీ నగరాల్లో మాత్రం గ్వెల్ఫ్ (వెల్ఫ్‌కు ఇటలీ ఉచ్చారణ), గిబెలిన్ (హోహెన్‌స్టాఫెన్ పక్షం) పేర్లతో ముఠాలు ఆ తర్వాత కూడా వీధుల్లో కొట్టుకున్నాయి. చాలాచోట్ల అవి స్థానిక కుటుంబాల గొడవలే.

1356లో నాలుగో చార్లెస్ చక్రవర్తి ఎన్నికకు మొదటిసారి పూర్తి నియమాలు రాయించాడు. ఓటర్లు ఏడుగురు. ఎన్నిక ఫ్రాంక్‌ఫర్ట్‌లో, పట్టాభిషేకం ఆకెన్‌లో. ముప్పై రోజుల్లో తేల్చకపోతే తేల్చేదాకా రొట్టె, నీళ్లే భోజనం. ఏడుగురిలో ముగ్గురు మైంజ్, కొలోన్, ట్రియర్ ఆర్చిబిషప్పులు. శాక్సనీ ఓటు 1180లో తూర్పు ముక్క పొందిన బెర్న్‌హార్డ్ వంశానిది. స్టాలెక్ పెళ్లి వల్ల వెల్ఫ్‌లకు దక్కిన రైన్ పాలటైన్ 1214లోనే విటెల్స్‌బాక్ ఇంటికి మారింది, ఓటు కూడా వాళ్లదే. వెల్ఫ్‌లకు ఓటు లేదు. అది రావడానికి 1692 దాకా పట్టింది. ఓటున్న ప్రభువు రాజ్యాన్ని ముక్కలు చేయకూడదని, అది పెద్ద కొడుక్కే వారసత్వంగా పోవాలని ఆ శాసనం గట్టిగా చెప్పింది. ఆరో హెన్రీ 1196లో తన కిరీటానికి అడిగిన వారసత్వాన్ని ఓటర్లు తమ డచీలకు రాయించుకున్నారు, కిరీటాన్ని మాత్రం ఎన్నికకే వదిలారు.